పొలిమేర దాటని ట్రాన్స్‌ఫార్మరు

ఎర్తు గుంతలో నీళ్ళు పోసి, ఇంకేదాకా నిలబడి చూడాలి. అదీ తాయమ్మ పని. సబ్‌స్టేషను ఆవరణలో అట్లాంటి గుంతలు ఇరవై నాలుగున్నాయి. ఒక్కొక్కదానికి పొద్దునపూట రెండు బిందెలు. గుంత ఎండితే పిడుగు పడినప్పుడు కరెంటు భూమిలోకి దిగదంట, యంత్రాలు కాలిపోతాయంట. అందుకని నారప్పకండ్రిగలో మనుషులకు నీళ్ళు చాలకపోయినా గుంతలకు మాత్రం తప్పవు.

ఆ మంగళవారం ఆమె పదిహేడో గుంత దగ్గర ఉంది. స్టోరు షెడ్డు ముందు మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి గొలుసు కప్పీ తగిలిస్తున్నారు. ఏడాదిగా మూల కూర్చున్న వస్తువు మీది నుంచి టార్పాలిను లాగేశారు.

తాయమ్మ బిందె కింద పెట్టింది.

అది వాడ ట్రాన్స్‌ఫార్మరు. బూడిదరంగు డబ్బా. పక్కటెముకల మాదిరి గొట్టాలు, నెత్తిన పింగాణీ బుడ్లు. పోయిన వేసవిలో దాన్ని లారీలో నుంచి దించింది తాయమ్మా, ఇంకో ఏడుగురు వాడ ఆడవాళ్ళూ. సబ్‌స్టేషను ఇంజనీరు, ఏ.ఈ. జయరామ్ ఆనాడు దాని పొట్ట మీద తట్టి, "ఇది మీ హరిజనవాడకే" అన్నాడు. అన్నట్టే వాడ చివర రెండు స్తంభాలు పాతారు. తీగలు లాగారు. ముప్పైరెండు ఇళ్ళలో తలా ఒక బల్బు వేలాడదీసి పోయారు. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం స్టోరు గడప దాటలేదు. అడిగినప్పుడల్లా ఒకసారి ఆయిలు రాలేదన్నారు, ఒకసారి నట్లు రాలేదన్నారు. వాడ వాళ్ళు ఆ స్తంభాలకు మేకల్ని కట్టేసుకుంటున్నారు.

"అది యాడికి దొరస్వామన్నా?"

స్టోరుకీపరు దొరస్వామి అరక్కోణం మనిషి. ఎవరి జోలికీ పోడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"మధ్యాన్నం ఎనిమిది మంది ఆడోళ్ళు కావాలమ్మా. లారీకెక్కించల్ల."

"ఎక్కిస్తాం. యాడికని అడగతా ఉండా."

"కొత్తపాళ్యం."

"కొత్తపాళ్యంలో మా వాడ యాడుండాది? ఆడ ఉండేది ప్రెసిడెంటు బావమరిది రైసుమిల్లు."

"నేనేం సెప్పలా. నువ్వే సెప్పినావు." దొరస్వామి కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "స్టోరు పుస్తకంలో అది పోయిన మార్చిలోనే మీ వాడ స్తంభాలకెక్కినట్టు రాసేసుండారు. ఇది కూడా నేను సెప్పలా."

తాయమ్మ బిందె ఎత్తుకుంది. మిగతా ఏడు గుంతలకూ నీళ్ళు పోసి, ఇంకేదాకా నిలబడే ఇంటికి బయల్దేరింది.

పుత్తూరు రోడ్డు పక్కన ఇప్పుడు ఊరే మారిపోయింది. రెండేళ్ళ కిందట కంది చేను ఉన్న చోట పరోటా హోటలు, దాని పక్కన సారాయంగడి, దాని వెనక సినిమా డేరా. సబ్‌స్టేషను కట్టడానికి నాలుగు వందల మంది బయటివాళ్ళు దిగి క్యాంపు వేశారు. పశువుల కొట్టాలు కడిగి సున్నం కొట్టి లైనుమన్లకు అద్దెకిచ్చారు. పశువులు ఎండలో ఉన్నాయి. ఊరి పాలన్నీ క్యాంపుకే పోతున్నాయి, పిల్లకాయలు నల్ల టీ తాగుతున్నారు. ఐదో తరగతి చదివే ఆడపిల్లలు పలకాబలపం ఇంట్లో పెట్టి కాంక్రీటు తట్టలెత్తారు. ఇదంతా వెలుగు కోసమన్నారు. వెలుగు వచ్చింది. సబ్‌స్టేషనులో సందకాడ నుంచి పెద్ద దీపాలు వెలుగుతాయి. పెద్ద తీగలు వాడ కప్పుల మీదుగానే పోతాయి, రేయింబవళ్ళు తుమ్మెదల్లాగ మోగుతుంటాయి. ఆ తీగల కింద ముప్పైరెండు ఇళ్ళల్లో కిరసనాయిలు బుడ్లు.

ఇంటి ముందు మొగుడు శాంతయ్య తన డప్పుకు, పలకకు, కొత్త చర్మం అతికించి, చింతగింజల పిండి రుద్దుతున్నాడు. ఊరికి వెట్టి అతనే. చావుకైనా జాతరకైనా ఊరంతా వినేది అతని పలకే.

"ఏందయ్యా, ఇంకా వారముండాది కదా గంగజాతర చాటింపుకు?"

"ముందుకు జరిపినారు మే. ఈ సందకాడే కొట్టమన్నాడు ప్రెసిడెంటు. క్యాంపోళ్ళు పెద్ద లైట్లు విప్పకముందే జాతర జరగాలంట. పగలు మాదిరి ఎలగాలంట గంగమ్మ."

తాయమ్మ సంగటి ముద్ద తుంచుతూ ఆగింది.

"ఈ సందకాడేనా?"

"ఆ. దీపాలు పెట్టే ఏళకు పొలిమేర రాయి కాడ మొదలుపెట్టల్ల. ఆడ్నుంచి ఊరు చుట్టల్ల."

ఆ తర్వాతది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్ళో పుట్టిన పసిబిడ్డకు కూడా తెలుసు. పొలిమేర రాయి దగ్గర పలక మోగిందంటే ఊరికి కట్టు పడ్డట్టే. జాతర ముగిసేదాకా, వారం పాటు, ఊరి మనిషి పొలిమేర అవతల నిద్ర చెయ్యకూడదు. ఊళ్ళోకి చేరిన వస్తువు, గింజ దగ్గర నుంచి గడ్డపార దాకా, పొలిమేర దాటకూడదు. బయటివాళ్ళు పొద్దుండగా వచ్చి పొద్దుండగా పోవచ్చు, అంతే. కట్టు తప్పితే గంగమ్మ పసిబిడ్డల ఒంటి మీదికి వస్తుంది. తాయమ్మ నమ్మకం ఎంతో తాయమ్మకే సరిగ్గా తెలియదు. ఆదివారం చర్చిలో పాదిరి చెప్పేదీ వింటుంది, మంగళవారం వేపాకూ కడుతుంది.

"పొలిమేర రాయి పుత్తూరు రోడ్డులోది కదా? కొత్తపాళ్యానికి లారీ పోవల్లంటే దాన్ని దాటే కదా పోవల్ల?"

శాంతయ్య చేతులు ఆగిపోయాయి. ఆమె జరిగింది చెప్పింది.

"వొద్దు మే," అన్నాడు. "ముందుగా కొట్టి పాపం మూటగట్టుకోలేను."

"ముందుగా ఎవురు కొట్టమన్నారు నిన్ను? టయానికి కొట్టు. ఒక్క గడియ ముందొద్దు, ఒక్క గడియ ఎనకొద్దు. ప్రెసిడెంటు సెప్పిన పని సెయ్యి. లారీ సంగతి నేను సూసుకుంటా."

* * *

మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది మంది వచ్చారు. లారీ డ్రైవరు చిన్నబ్బ ఊరివాడే. లారీ వెనక తలుపు దించి తొందరపెట్టాడు.

"బిరీన కానీండమ్మా. ఐదింటికల్లా పొలిమేర దాటాలని ప్రెసిడెంటు మాట. సందకాడ చాటింపు పడతాది."

"అయిపోతాది రా అబ్బా," అంది తాయమ్మ. "మేం ఎక్కించనిదా, దించనిదా."

ఎప్పుడూ అయ్యే పనే. గొలుసు తగిలించి, కప్పీ లాగి, అడుగున ఇనుప గొట్టాలు పరిచి దొర్లించాలి. చెక్కల మీదుగా లారీలోకి తోయాలి. గంటలో అయిపోతుంది. ఆ రోజు కాలేదు.

మొదట తిరుమలమ్మకు గొలుసు కొక్కెం నచ్చలేదు. తాయమ్మ పక్కింటి మనిషి ఆమె, నోరు గట్టిది. "ఇది అరిగిపోయుండాది. తెగి నా కాళ్ళ మీద పడితే పుత్తూరుకి ఎవురు మోసకపోతారు, నువ్వా? ఆడ కాలికి కట్టు కట్టించుకుని మూడు నెల్లు పడుంటే నా మొగుడికి సంగటి నువ్వు గెలకతావా?" చిన్నబ్బ కొక్కెం మార్చాడు. తర్వాత పింగాణీ బుడ్లు పగులుతాయని గడ్డి కావాలన్నారు. గడ్డికి ఇద్దరు పోయారు. ఇద్దరూ ఒకే మోపు పట్టుకుని తీరిగ్గా వచ్చారు. తర్వాత గొట్టాలు. ఒకటి తిన్నగా పెడితే ఇంకొకటి అడ్డంగా పడింది.

"ఐలేసా!" అంది తాయమ్మ. అందరూ తాడు పట్టుకుని గట్టిగా అరిచారు. డబ్బా బెత్తెడు జరిగింది.

"లాగతా ఉండారా, పాట పాడతా ఉండారా?" చిన్నబ్బకు ఏడుపొచ్చింది.

"పాట లేకుండా ఇనుము కదల్దు రా. నీ లారీకి హారనుండాది, మాకు నోరుండాది."

దొరస్వామి అంతా చూస్తూనే ఉన్నాడు. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఎంత త్వరగా పని చేయగలరో రెండేళ్ళుగా చూస్తున్నవాడు ఆయన. డబ్బా సగం చెక్కల మీదికి ఎక్కేసరికి లేచి వచ్చి, "ఆగండి, నంబరు రాసుకోవల్ల" అన్నాడు. డబ్బా వెనక రేకు మీది అంకెలు ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించాడు. పెన్నులో సిరా అయిపోయింది. సిరా కోసం లోపలికి పోయి పావుగంట బయటికి రాలేదు.

లారీ కదిలేసరికి పొద్దు వాలి కొండ వెనక్కి దిగుతోంది. దించడానికి మనుషులు కావాలి గనుక ఎనిమిది మందీ లారీలోనే ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ నిలబడ్డారు. చిన్నబ్బ పరోటా హోటలు ముందు మనుషుల్ని కూడా లెక్కచేయకుండా తోలాడు. గాలికి తాయమ్మ కొంగు ఎగిరింది. ఇప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది. శాంతయ్య రాయి దగ్గరికి చేరాడో లేదో. ప్రెసిడెంటు పిలిచి ఇంకేదైనా పని చెప్పాడేమో. అతనికి ఎవరు గదమాయించినా మాట పడిపోతుంది. ఈ డబ్బా పొలిమేర దాటిందంటే మళ్ళీ వాడ ముఖం చూడదు. ఏడాది కాదు, పిల్లలకు పిల్లలు పుట్టినా రాదు.

సబ్‌స్టేషను పెద్ద దీపాలు వెనక భగ్గున వెలిగాయి.

ముందర పలక మోగింది.

మొదట మూడు దెబ్బలు, విడివిడిగా. తర్వాత ఆగకుండా. తాయమ్మ డ్రైవరు క్యాబిను మీద అరచేత్తో కొట్టబోయింది, అప్పటికే చిన్నబ్బ బ్రేకు మీద నిలబడ్డాడు. లారీ ఊగి ఆగింది. ముందర ఇరవై గజాల్లో, పసుపు పూసిన పొలిమేర రాయి పక్కన, రోడ్డు మధ్యలో శాంతయ్య కొడుతున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

* * *

ప్రెసిడెంటు మునిరామయ్య మోటారుసైకిలు మీద పది నిమిషాల్లో వచ్చాడు. ఆయన వచ్చేసరికే పలక విని ఊరు కదిలింది. చాటింపు రోజు ఆడవాళ్ళు వేపకొమ్మలు పట్టుకుని రాయి దగ్గరికి రావడం మామూలే. వచ్చినవాళ్ళు లారీని చూసి ఆగిపోయారు.

"ఎవుర్రా నిన్ను కొట్టమనింది?" ప్రెసిడెంటు బండి దిగకుండానే అరిచాడు.

"తమరే సామీ," అన్నాడు శాంతయ్య. "ఈ పొద్దున్నే."

జనంలో ఎవరో ముసిముసిగా నవ్వారు.

"చిన్నబ్బా, పోనీ లారీ. ఒక్క నిమిషం పని."

చిన్నబ్బ లారీ దిగి తువ్వాలు చేతిలో పట్టుకున్నాడు. "నా వల్ల కాదు సామీ. పోయినేడు నా బిడ్డకు అమ్మోరు పోసింది. ఇరవై దినాలు ఏపాకు మింద పండబెట్టినాం. నేను దాటించను."

"అది ఇనుము రా! ఇనుముకు అమ్మోరు పోస్తాదా?"

"ఇనుముకు పోయదు సామీ. ఇంట్లో బిడ్డకు పోస్తాది."

ప్రెసిడెంటు జనం వైపు తిరిగాడు. ఓట్లేసే జనం. గొంతు మార్చి, సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"సూడండప్పా. నాకు కట్టు మింద గౌరవం లేక కాదు. ఊరి సొత్తు పొలిమేర దాటకూడదు, నిజమే. కానీ ఇది ఊరి సొత్తు కాదే! ఇది వాడకొచ్చిన సొత్తు. వాడ ఊర్లోది యాడైంది? గంగమ్మ ఊరేగింపు వాడలోకి పోతాదా? పోదు. వాడోళ్ళ పొంగలి గుడికాడికి వస్తాదా? రాదు. ఊరికి బయటుండే వాడ సొత్తుకు ఊరి కట్టు యాడుండాది? దాటొచ్చు."

నలుగురు తలలూపారు. మాట బాగుంది. చిన్నబ్బ కూడా తువ్వాలు భుజాన వేసుకుని ఆలోచనలో పడ్డాడు.

తాయమ్మ లారీ దిగింది. మోకాలు చీరుకుంది, చూసుకోలేదు.

"ఏడాదిగా తిరగతా ఉండాం సామీ, ఇది మాదని ఒక్క మాట సెప్పమని," అంది. "ఇప్పుటికి తమ నోటితోనే వచ్చింది. ఊరంతా విన్నారు. ఇది వాడ సొత్తు."

తాయమ్మ ఆగలేదు.

"ఇంక రెండోది. వాడ ఊరికి బయటిదన్నారు. సరే. అట్లయితే ఈ పలక?" మొగుడి వైపు చూపించింది. "ఈ పలక వాడది. కొట్టిన సెయ్యి వాడది. బయటోడెవుడో వచ్చి మీ రాయి కాడ డబ్బా కొడితే చాటింపు పడినట్టా? పడలా. కట్టు పడలా. వారం పొయ్యేది మీ ఊర్లో జాతరా లేదు, పొంగలీ లేదు. లారీ దాటిపోనీండి. తర్వాత ఊరి లోపలోళ్ళెవురైనా పలక తగిలించుకుని మళ్ళీ కొట్టుకోండి."

పెద్ద తీగలు పైన మోగడం వినిపించింది.

అప్పుడు శాంతయ్య, జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి, పలకను మెడలో నుంచి తీశాడు. వంగి మెల్లిగా రోడ్డు మీద, ప్రెసిడెంటు బండి చక్రం ముందు పెట్టాడు. పుల్లలు దాని మీద పెట్టాడు. పక్కకు జరిగి చేతులు కట్టుకున్నాడు.

ఊరివాళ్ళు ఆ పలక వైపు చూశారు. దాన్ని ముట్టుకునేవాడు వాళ్ళల్లో లేడు. చాటింపు పడకుండా జాతర చేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

జనంలో నుంచి ప్రెసిడెంటు తల్లి జ్ఞానాంబ ముందుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. యాభై ఏళ్ళుగా గంగమ్మకు తొలి పొంగలి కుండ ఆమె చేతి మీదుగానే పోతోంది. కొడుకు వైపు చూడలేదు. పలక వైపు చూసింది.

"నా పెండ్లైన ఏడు నుంచి వింటా ఉండా ఆ పలక," అంది. "వీళ్ళ తాత కొట్టినాడు, వీళ్ళ నాయన కొట్టినాడు. బయటిదని ఏనాడూ అనుకోలా. మునిరామా, నీ బావమరిది మిల్లు కోసరం నా చేతి కుండ ఆపతావా?"

"అది కాదు మా..."

"లారీ తిప్పించు."

ప్రెసిడెంటు బండి స్టార్టు చేశాడు. మొదటి తన్నుకు అందుకోలేదు. రెండో తన్నుకూ అందుకోలేదు. మూడోదానికి అందుకుంటే, పలకకు తగలకుండా చక్రం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"యాడికి తిప్పేది?" చిన్నబ్బ తాయమ్మను అడిగాడు. ఆమెను అడగడం అదే మొదలు.

"దాని స్తంభాల కాడికి," అంది తాయమ్మ.

శాంతయ్య పలక ఎత్తుకుని మట్టి దులిపాడు. ఊరు చుట్టడానికి బయల్దేరాడు. వాడకు లారీ దారి లేదు, మధ్యలో కాలవ ఉంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు రాళ్ళు మోసి కాలవ పూడ్చడానికి ఎంతసేపు పట్టిందో చెప్తే చిన్నబ్బ మళ్ళీ ఏడుస్తాడు. పావుగంట. ట్రాన్స్‌ఫార్మరు దించడానికి ఇంకో పావుగంట.

* * *

బుధవారం ఏ.ఈ. జయరామ్ తన గదిలో పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. నగరి నేతగాళ్ళ పిల్లవాడు. ఇది మొదటి ఉద్యోగం. పొద్దున్నే ప్రెసిడెంటు వచ్చి పోయిన సంగతి బల్ల మీద సగం తాగిన కాఫీ గ్లాసు చెబుతోంది.

"జాతర అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాడు తాయమ్మా. అయినాక ఆయన చూసుకుంటాడంట. నన్నేం చెయ్యమంటావు? పైనుంచి రావాలి."

"పైనుంచి వచ్చేసింది కదా సార్, పోయిన మార్చిలోనే. పుస్తకంలో ఎక్కేసుండాది కదా మా స్తంభాలకు."

పెన్ను మూత కింద పడింది.

"ఎవరు చెప్పారు?"

"నేనే సెప్తా ఉండా. పెద్దింజనీరు ఎస్.ఈ. గారు శనివారం వస్తారంట సబ్‌స్టేషను తెరిచేదానికి. పుస్తకం సూసి, ఆ ట్రాన్స్‌ఫార్మరు యాడుండాది సూపీమంటే ఏం సూపిస్తారు? మట్టిలో కూర్చోనుండేదాన్నా? దానికి మేకను కట్టేసుండారు సార్, ఈ పొద్దుకి."

జయరామ్ తల పట్టుకున్నాడు. తాయమ్మకు కోపం రాలేదు, కొంచెం జాలేసింది. వేళ్ళు చూస్తే మగ్గం మీద కూర్చున్న వేళ్ళే, సన్నగా ఉన్నాయి. కానీ జాలిపడి ఊరుకుంటే ఈ పిల్లవాడు ప్రెసిడెంటు చెప్పిన చోటల్లా సంతకాలు పెడుతూనే ఉంటాడు.

"పుస్తకంలోకి ఎక్కిందానికి స్తంభం మిందికి ఎక్కేదానికి ఎంతసేపు సార్?"

"రెండు రోజులు. లైనుమన్లు కావాలి. వాళ్ళు నగరి లైనుకు పోవాలి."

"యాడికీ పోలేదు. అందురూ ఈడ కాపరముండే వాళ్ళే. కట్టు తప్పి బయట నిద్ర సేస్తే అద్దెకు పెట్టుకోం అన్నారు ఇంటోళ్ళు. అరుగుల మింద పేకాడతా ఉండారు. పిలిస్తే వస్తారు."

జయరామ్ వంగి పెన్ను మూత వెతుక్కుని, దొరికాక, చొక్కాకు పెన్ను తగిలించుకుని లేచాడు. "ఎర్తు గుంతలు తవ్వాలి, మూడు. మనుషులు..."

"ఆ పని మాకు సెప్పాల్నా సార్."

చెప్పనవసరం లేదు. ఇరవై నాలుగు గుంతలు తవ్వినవాళ్ళు వాడ ఆడవాళ్ళే. గురువారం తెల్లవారకముందే మూడు గుంతలు తవ్వారు, ఒక్కొక్కటి నిలువు లోతు. అడుగున ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు వేస్తూ రావాలి. స్టోరులో బొగ్గు అయిపోయింది. తిరుమలమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "మీ పొయ్యిలో ఏముంటే అది తెండి. ఉప్పు కూడా. వారం సప్పిడి తిందురు, సావరు." ముప్పైరెండు ఇళ్ళ నుంచి బొగ్గు వచ్చింది, చాటల్లో, పగిలిన కుండల్లో. ఉప్పు దోసిళ్ళతో వచ్చింది. ముసలి కుప్పమ్మ ఊరగాయకని దాచుకున్న గల్లుప్పు జాడీతో సహా తెచ్చి గుంత గట్టు మీద పెట్టింది.

"అంతా వేస్తావా అవ్వా? కొంచెం ఉంచుకో."

"వెయ్యి మే. మామిడికాయ మళ్ళా కాస్తాది."

తాయమ్మ గుంతలోకి దిగి ఉప్పు, బొగ్గు చేత్తో సర్దింది. నీళ్ళు పోసి, ఇంకేదాకా నిలబడి చూసింది. ఎండ నెత్తిన పడుతున్నా కదల్లేదు. రెండేళ్ళలో పరాయి యంత్రాల కోసం ఎన్ని వేల బిందెలు పోసిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. ఈ మూడు గుంతలకు మాత్రం బిందె బిందెకూ ఒళ్ళు పులకరించింది.

శుక్రవారం లైనుమన్లు స్తంభాల మధ్య ఇనుప కమ్ములు బిగించారు. గొలుసు కప్పీ వేశారు. తాడు వాడ ఆడవాళ్ళ చేతికిచ్చారు. ఎనిమిది మందికి ఇరవై మంది వచ్చారు.

"ఐలేసా!"

ట్రాన్స్‌ఫార్మరు మట్టి వదిలింది. ఒక్క ఊపున తలెత్తు లేచింది. చూడ్డానికి వచ్చిన చిన్నబ్బ నోరు వెళ్ళబెట్టాడు.

"అత్తా! మంగళవారం ఇది కదల్లేదే!"

"ఆ పొద్దు దానికి పొయ్యేది ఇష్టం లేదు రా," అంది తిరుమలమ్మ.

* * *

శనివారం పట్టపగలు, పన్నెండున్నరకు, లైనుమను స్తంభం కింది హ్యాండిలు పట్టుకుని కిందికి లాగాడు. ట్రాన్స్‌ఫార్మరు చిన్నగా గొంతు సవరించుకున్నట్టు మోగింది. జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఏమీ కాలేదు. ఒక పిల్ల ఇంట్లో నుంచి కేక పెట్టింది.

అందరూ తలోవైపు పరిగెత్తారు. తాయమ్మ తన గుడిసెలోకి వంగి దూరింది. దూలానికి వేలాడుతున్న బల్బు వెలుగుతోంది. ఇంత చిన్న ఇల్లా ఇది, అనుకుంది. మూలల్లో ఎప్పుడూ చూడనివి కనిపించాయి. గోడ మీద చెయ్యెత్తున పేరుకున్న బుడ్డి మసి, ఆ మసిలో ఎప్పుడో కూతురు వేలితో గీసిన నెమలి. కూతురికి పెళ్ళై ఆరేళ్ళు. ఆమె నెమలి ముందు కాసేపు నిలబడింది. బయట శాంతయ్య పలక మొదలుపెట్టాడు. ఎవరూ కొట్టమనలేదు.

నాలుగింటికి రెండు జీపులు కాలవ మీది రాళ్ళ దారిన వాడలోకి వచ్చాయి. ముందు జీపులో ఎస్.ఈ., ఆయన పక్కన ప్రెసిడెంటు మునిరామయ్య, ఇస్త్రీ చొక్కా, చేతిలో కొబ్బరికాయ. వెనక జీపులో జయరామ్, పుత్తూరు నుంచి వచ్చిన ఫోటోలాయన. సబ్‌స్టేషను తెరవడం అయిపోయింది. ఇక ప్రెసిడెంటు చేతుల మీదుగా హరిజనవాడకు వెలుగు. ఆ మాట ఆయన దారంతా చెబుతూనే వచ్చినట్టున్నాడు.

జీపు ఆగింది. ఎండలో ముప్పైరెండు ఇళ్ళూ వెలుగుతున్నాయి. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, ప్రతి గుమ్మంలో నుంచి పసుప్పచ్చటి బల్బు కనిపిస్తోంది.

"ఎవురు ఏసినారు?" ప్రెసిడెంటు ముఖం ఎర్రబడింది. "పగలే ఎవురు ఏసినారు ఇవన్నీ?"

"మేమే," అన్నాడు శాంతయ్య. సామీ అనలేదు.

ఎస్.ఈ. కళ్ళు చిట్లించి ట్రాన్స్‌ఫార్మరు వైపు చూశాడు. "ఇది పోయిన మార్చిలోనే ఎక్కింది కదా జయరామ్?"

జయరామ్ చొక్కాకున్న పెన్ను తడుముకున్నాడు. తాయమ్మ అతని వైపు ఒకసారి చూసి, "నిన్న ఎక్కింది సార్," అంది. "ఏడాదంతా స్టోర్లో ఉండింది. ఎందుకుండిందో ప్రెసిడెంటయ్యను అడగండి, పొలిమేర కాడ ఊరందరి ముందర ఆయనే సెప్పినాడు అది ఎవుర్దో."

ఎస్.ఈ. ప్రెసిడెంటు వైపు తిరిగాడు. ప్రెసిడెంటు నవ్వు తెచ్చుకున్నాడు.

"అదంతా తర్వాత సార్. ఫోటో తీద్దాం. ఏమ్మా తాయమ్మా, ఒక్క నిమిషం అందురూ లైట్లు ఆరపండి. నేను ఈ మొదటి ఇంట్లో స్విచ్చేస్తా, మీరంతా అప్పుడు ఏసుకోండి. ఒక్క నిమిషమే."

తాయమ్మ పేరు పక్కన ఆయన నోట అమ్మ అనే మాట మొదటిసారి వచ్చింది. మొదటి ఇల్లు కుప్పమ్మది. ప్రెసిడెంటు గుమ్మంలోకి అడుగు పెట్టబోయాడు. ముసలిది గోడకు ఆనుకుని, స్విచ్చు మీద వీపు పెట్టి నిలబడి ఉంది. పక్కింట్లో తిరుమలమ్మ అట్లానే నిలబడింది. దాని పక్కింట్లో ఇంకొకరు. వరసంతా, గుమ్మం గుమ్మంలో, ఒక్కొక్క ఆడది స్విచ్చుకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఎవరూ చెప్పి నిలబెట్టలేదు.

"ఒక్క నిమిషం ఆరిపితే ఏం పోతాది?" ప్రెసిడెంటు గొంతు బతిమాలుతోంది.

"ఆరిపేది మాకు రాదు సామీ," అంది తాయమ్మ. "ఆ పని తమరికే తెలుసు. ఏడాది సేసినారు."

ఫోటోలాయన ఎటు తిప్పాలో తెలియక కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. ఎస్.ఈ. జీపు ఎక్కి కూర్చున్నాడు. ప్రెసిడెంటు కొబ్బరికాయ కొట్టడానికి రాయి కోసం అటూ ఇటూ చూశాడు, ఎవరూ చూపించలేదు. కాయ చేతిలో పట్టుకునే జీపెక్కాడు.

రాళ్ళ దారిన జీపులు ఊగుతూ పోయాయి. వాడలో ఒక్క బల్బూ ఆరలేదు. నాలుగున్నర ఎండలో ముప్పైరెండూ వెలుగుతూనే ఉన్నాయి.